పిక్క ధరకు ముందు దోమ మందు

మొజంజాహీ మార్కెట్లో జీడిపప్పు కొనేవాళ్లకు గుండుకో ధర, బద్దకో ధర. పలాస రైతుకు మాత్రం 80 కిలోల జీడిపిక్కల బస్తాకు వ్యాపారి చెప్పిందే ధర. 16 వేలివ్వమని రోడ్డెక్కినా, ఆఫ్రికా పిక్క ఓడల్లో దిగుతుంటే గట్టిగా బేరమాడేదెలా? అసలు బేరానికి ముందు పంట దక్కాలిగా: 2018 తిత్లీ తుపానుకు పలాస చుట్టూ ఉన్న ఉద్దానం జీడితోటలు కూలాయి సరే, ఏటేటా చిగురునూ పూతనూ పీల్చి మాడ్చే టీ దోమ సంగతేమిటి? ఒక్కడే మందు కొడితే పక్క తోటలోంచి మళ్లీ దిగుతుంది. అందుకే రైతు సంఘం ధర కంటే ముందు దోమ పని పట్టాలంటాను: చిగురు, పూత, పిందె దశల్లో తోటలన్నిటికీ ఒకేసారి పిచికారీ. అలా కలిసిన ఊరికి సర్కారు ఓ గోదాం కట్టిస్తే, వేసవిలో తెగనమ్ముకునే పిక్కను వానాకాలం దాకా ఆపుకొని బేరమాడగలరు.