కులం లేని పటంలో లీజర్ జోన్

లిటిల్ అండమాన్ కోసం నీతి ఆయోగ్ రూపొందించిన విజన్ డాక్యుమెంట్ సంగతి 2021 ఆరంభంలో బయటపడినప్పుడు చర్చంతా అడవి, సముద్ర తాబేళ్ల చుట్టూ తిరిగింది. అవసరమైన చర్చే. కానీ ద్వీపాల భూవినియోగంపై పరిశోధన చేస్తున్న నాకు అందులో లేని ప్రశ్న ఒకటి కనబడుతోంది: ఈ జోన్లు గీసే చోట ఎవరు కూర్చున్నారు?

ముందు ఆ పటాన్ని చూద్దాం. సుమారు 680 చదరపు కిలోమీటర్ల ద్వీపంలో మూడు జోన్లు. 102 చ.కి.మీ.లో ఆర్థిక జిల్లా, మెడిసిటీ. 85 చ.కి.మీ.లో 'లీజర్ జోన్': ఫిల్మ్ సిటీ, నివాస జిల్లా, పర్యాటక సెజ్. 52 చ.కి.మీ.లో 'నేచర్ జోన్': అడవి రిసార్టు. మొత్తం ద్వీపంలో మూడో వంతుకు పైనే. ఇందుకోసం ఓంగే ఆదివాసీల రిజర్వులో కొంత భాగాన్ని డీనోటిఫై చేయాలి. అవసరమైతే వాళ్లను ద్వీపంలోనే మరోచోటికి తరలించవచ్చని కూడా ఆ పత్రం చెప్పింది. ఓంగేల జనాభా నూటికి కాస్త అటూ ఇటూ.

తెలుగు పల్లెలో పెరిగినవాళ్లకు జోనింగ్ అనే మాట కొత్త కావచ్చు, ఆ పని కొత్త కాదు. ఊరు ఎక్కడ ఆగాలో, వాడ ఏ దిక్కున ఉండాలో, శ్మశానం ఎవరి ఇళ్ల పక్కకు రావాలో ఏ మాస్టర్ ప్లానూ లేకుండానే నిర్ణయమైపోయింది. కులమే మన మొదటి ల్యాండ్ యూజ్ ప్లాన్.

అండమాన్‌లో ఆ కులం అధికారికంగా లేదు. 341వ అధికరణ కింద ఈ కేంద్రపాలిత ప్రాంతానికి ఒక్క షెడ్యూల్డ్ కులాన్నీ నోటిఫై చేయలేదు. అందుకే 2011 జనగణనలో ఇక్కడ ఎస్సీల సంఖ్య సున్నా. మరి ఇక్కడికి వచ్చిందెవరు? దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి తెచ్చి స్థిరపరచిన శరణార్థుల్లో అధికులు నామశూద్రులు. పశ్చిమ బెంగాల్‌లో వాళ్లు ఎస్సీలు. 2011 లెక్కల్లో 13 శాతం మంది మాతృభాష తెలుగు. వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలికి వలస వచ్చిన కుటుంబాలు. సముద్రం దాటితే కులం మాయం కాదు, ధ్రువపత్రం మాత్రం మాయమవుతుంది. ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఒక తెలుగు విద్యార్థి వేసిన కేసులోనే: 1990 నాటి మర్రి చంద్రశేఖర రావు తీర్పు.

దీనికీ రిసార్టుకూ సంబంధం ఏమిటి? 243డి అధికరణ ప్రకారం పంచాయతీల్లో ఎస్సీ సీట్లు జనాభా నిష్పత్తిలో ఉండాలి. జనాభా సున్నా అయితే సీట్లూ సున్నా. ఇక్కడ శాసనసభ లేదు. పరిపాలన లెఫ్టినెంట్ గవర్నర్ చేతిలో. ఉన్నది ఒకే ఒక్క లోక్‌సభ స్థానం, అదీ జనరల్. భూమి మీద మాట్లాడే చివరి వేదిక పంచాయతీ. అక్కడా దళితుడికి దళితుడిగా చోటు లేదు.

ఇదంతా పాత కాగితమే కదా అనేవాళ్లు గ్రేట్ నికోబార్ వైపు చూడాలి. అక్కడ దాదాపు 130 చ.కి.మీ. అడవిని మళ్లించడానికి 2022 అక్టోబరులో తొలి దశ అనుమతి వచ్చింది. మరుసటి నెలలో ట్రైబల్ కౌన్సిల్ తన సమ్మతిని వెనక్కి తీసుకుంది. అయినా ప్రాజెక్టు ఆగలేదు.

పర్యాటకం ఉద్యోగాలు తెస్తుందన్నది బలమైన వాదనే. వేట తగ్గిన ఇంట్లో హోటల్ జీతం చిన్న విషయం కాదు. కానీ భూమి ఉన్నవాడు రిసార్టులో భాగం అడుగుతాడు, లేనివాడు గదులు తుడిచే పని అడుగుతాడు. జోనింగ్ ఈ తేడాను చెరపదు, పట్టా ఇచ్చి స్థిరపరుస్తుంది.

మనం తప్పించుకోకూడని ప్రశ్న మరొకటి ఉంది. 1957లో లిటిల్ అండమాన్ మొత్తం ఓంగేల రిజర్వు. తర్వాత శరణార్థుల కోసం, అడవి నరకడం కోసం అది కుదించుకుపోయింది. అంటే దళిత శరణార్థి పునరావాసం ఆదివాసీ నేల మీదే జరిగింది. ఆ కుటుంబాలు దాన్ని ఎంచుకోలేదు, రాజ్యం ఎంచుకుంది. అయినా ఆ వాస్తవం మారదు. కాబట్టి ఇక్కడ దళిత హక్కుల డిమాండు ఓంగేల రిజర్వు గీతను దాటి వెళ్లకూడదు. ఆ గీత బేరసారాలకు అతీతం. పీడితులిద్దరిని ఒకే ముక్క కోసం పోటీకి దింపి, పెద్ద ముక్కను రిసార్టుకు ఇవ్వడమే ఇప్పటి పటం చేస్తున్న పని.

అడగాల్సినవి స్పష్టం. రిజర్వు భూమిని ఏ జోన్‌లోనూ చేర్చకూడదు. రెవెన్యూ భూమిలో రిసార్టు జోన్ ప్రకటించే ముందు గ్రామసభ సమ్మతి తప్పనిసరి కావాలి. ఇక రాబోయే జనగణనలో కులాలను లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. అండమాన్‌లో ఆ లెక్క నిజాయితీగా జరగాలి, దాని ఆధారంగా 341 కింద జాబితా కోసం కదలాలి. లెక్కలో లేని మనిషికి పటంలో చోటు దొరకదు.