గృహాగమనం కూడా ఒక చాతుర్మాస్యమే

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఆచార్యుడు శిష్యునికి చేసే ఉపదేశం లోకప్రసిద్ధం. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవంగా భావించమనే ఆదేశం అందులోనిదే. పాఠశాలల గోడల మీద, పండుగ సందేశాలలో ఆ మాటలు నిత్యం కనబడుతూనే ఉంటాయి. కాని అవి ఏ సందర్భంలో వెలువడ్డాయో స్మరించేవారు తక్కువ. వేదాధ్యయనం ముగించుకొని శిష్యుడు ఇంటికి మరలే వేళ గురువు పలికిన మాటలవి. ఆ మరలడానికి సమావర్తనమని పేరు. షోడశ సంస్కారాలలో అది ఒకటి. ఇంటికి తిరిగి రావడాన్ని మన పూర్వులు కేవలం ప్రయాణంగా భావించలేదు. దానికి ఒక విధిని, ఒక నియమాన్ని ఏర్పరచారు.

నేడు విదేశాలలో స్థిరపడిన తెలుగువారిలో అనేకుల సమావర్తనానికి శంషాబాద్ ద్వారమైంది. 2008 మార్చిలో బేగంపేట నుండి విమానాల రాకపోకలు ఇక్కడికి మారాయి. సుమారు 5,500 ఎకరాల విమానాశ్రయ ప్రాంగణం, మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, నగరాన్ని చుట్టిన 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రయాణాన్ని సుగమం చేశాయి. అర్ధరాత్రి దాటినా ఆగమన ద్వారం వద్ద వృద్ధ దంపతులు నిలబడి ఉంటారు. రావద్దని పుత్రుడు పదేపదే చెప్పినా తండ్రి వస్తాడు. తల్లి ఫ్లాస్కులో కాఫీ తెస్తుంది. ద్వారం వరకు వారి నిరీక్షణ ఫలించినట్లే. ఆ తరువాతి దినాలు ఎలా గడుస్తాయన్నదే విచారణీయం.

ఏడాదికొకసారి పదిహేను దినాల సెలవుపై వచ్చే పుత్రుని కాలాన్ని లెక్కించి చూడవచ్చు. నిద్ర కుదుటపడటానికి మూడు దినాలు. బంధువుల వివాహానికో గృహప్రవేశానికో రెండు. బ్యాంకు, ఆధార్, రిజిస్ట్రేషన్ పనులకు రెండు. తిరుమల యాత్రకు మూడు. మిత్రులకు, బట్టల కొనుగోళ్లకు రెండు. 2022 ఫిబ్రవరి 5న ముచ్చింతల్‌లో ఆవిష్కృతమైన 216 అడుగుల సమతామూర్తి దర్శనానికి ఒకటి. మోకాళ్ల నొప్పి ఉన్నా, పుత్రుని సంతోషం కోసం తల్లి అక్కడి 108 దివ్యదేశాల ఆలయాలను చుట్టి వస్తుంది. ఆమెను అడిగి ఉంటే, అమ్మపల్లి రామాలయ మంటపంలో ఒక సాయంకాలం పక్కపక్కన కూర్చుంటే చాలునని చెప్పి ఉండేదేమో. ఆమెను ఎవరూ అడగలేదు. ఇక మిగిలినవి రెండు దినాలు. వాటిలో ఒకటి పెట్టెలు సర్దుకోవడానికి పోతుంది.

డెబ్బది అయిదేళ్ల తల్లిదండ్రులకు మరో పదేళ్ల ఆయువు ఉన్నదనుకున్నా, ఏడాదికి పదిహేను చొప్పున మొత్తం 150 దినాలు. ఒక చాతుర్మాస్యం కంటే అది ఒక్క మాసమే అధికం. పరివ్రాజకునికి నిత్యసంచారం ధర్మం. వర్షకాలంలో మాత్రం, నేలపై పుట్టే సూక్ష్మప్రాణులకు తన అడుగుల వల్ల హింస కలుగరాదని, అతడు ఒకచోట నిలుస్తాడు. నిలిచినచోట శ్రవణ మననాలలో కాలం గడుపుతాడు. విదేశం నుండి వచ్చే గృహస్థు సైతం ఏడాది పొడుగునా సంచరించేవాడే. అతని గృహాగమనానికి చాతుర్మాస్యమే తగిన ఆదర్శం. యాత్రలను తగ్గించుకొని ఒకచోట నిలవాలి, వినాలి, తన రాకవల్ల ఆ ఇంట ఎవరికీ నొప్పి కలుగకుండా చూసుకోవాలి.

ఈ విషయంలో సాధకులకు ఒక సందేహం కలగడం సహజం. మాతాపితరులపై మమకారం బంధహేతువు కాదా? దాన్ని శిథిలం చేసుకోవలసిన వయస్సులో మరింత దృఢం చేసుకోవడం ఎందుకు? మహాభారతం అరణ్యపర్వంలోని కౌశికుని కథ ఈ ప్రశ్నకే సమాధానం. కోపదృష్టితో కొంగను దగ్ధం చేయగల తపశ్శక్తి అతనిది. అయినా ధర్మసూక్ష్మం తెలుసుకోవడానికి మిథిలలో మాంసం విక్రయించే ధర్మవ్యాధుని వద్దకు పోవలసివచ్చింది. ధర్మవ్యాధుడు బోధించడంతో ఆగక, కౌశికుని తన ఇంటిలోనికి తీసుకుపోయి వృద్ధులైన తల్లిదండ్రులను చూపి, వీరే తన దైవాలని తెలిపాడు. పిమ్మట కౌశికుని దోషాన్ని వెల్లడించాడు. కన్నవారి అనుమతి లేకుండా అతడు వేదాధ్యయనానికి ఇల్లు విడిచాడు. ఆ శోకంతో వారు అంధులయ్యారు. వెంటనే మరలిపోయి వారిని ప్రసన్నులను చేసుకొమ్మన్నదే ధర్మవ్యాధుని ఆదేశం. అంతటి తపస్వికి మరొక మంత్రమో, మరొక తీర్థమో ఉపదేశింపబడలేదు. ఇంటిదారి చూపబడింది.

సర్వసంగ పరిత్యాగియైన ఆదిశంకరుల చరిత్ర దీన్నే దృఢపరుస్తుంది. అవసానకాలంలో వస్తానని తల్లి ఆర్యాంబకు ఇచ్చిన మాట ప్రకారం ఆయన కాలడికి మరలి వచ్చారనీ, సన్న్యాసికి కర్మాధికారం లేదని జ్ఞాతులు అడ్డగించినా స్వయంగా అంత్యసంస్కారం చేశారనీ శంకరవిజయ సంప్రదాయం చెబుతుంది. జగత్తు మిథ్య అని బోధించిన మహనీయునికే తల్లికిచ్చిన మాట మిథ్య కాలేదు. వృద్ధమాత పిలుపును మోహమని త్రోసిపుచ్చే వైరాగ్యంలో ఎంత భాగం వివేకమో, ఎంత భాగం సౌకర్యమో సాధకుడు తన్ను తాను ప్రశ్నించుకోవాలి.

మరలి రావడం మాత్రమే ధర్మం కాదన్న హెచ్చరిక కూడా తెలుగు సాహిత్యంలో ఉన్నది. తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ అక్క హితబోధకు లొంగినట్లే నటించి కొన్నాళ్లు బుద్ధిగా ఇంట నిలుస్తాడు; ఒక రాత్రి నగలు మూటగట్టుకొని పారిపోతాడు. శంషాబాద్ పరిసర గ్రామాలలో సేద్యభూములు ప్లాట్లయి వాటి వెల పెరిగిన నాటి నుండి, తండ్రి సంతకం కోసమే జరిగే గృహాగమనాలు కూడా ఉన్నాయి. వాటి గురించి అధికంగా చెప్పనక్కరలేదు.

సదుద్దేశంతో వచ్చేవారిని సైతం బాధించే సూక్ష్మదోషం మరొకటి ఉన్నది. అది కర్తృత్వం. వచ్చిన మరునాడే పుత్రుడు వంటింటి డబ్బాలు మారుస్తాడు, తండ్రి పాత కుర్చీని పారవేయిస్తాడు, మందుల పట్టికను సవరిస్తాడు. ఏడాది పొడుగునా కన్నవారి పక్కనుండి, రాత్రులు మేల్కొని, ఆసుపత్రి వరుసలలో నిలబడిన తమ్మునికో, చెల్లెలికో, కోడలికో పదిహేను దినాల అతిథి కర్తవ్యం బోధిస్తాడు. అతడు వెళ్లిపోయిన తరువాత ఆ ఇంట మిగిలేది అపరాధభావం. గీత బోధించిన కర్మయోగానికి ఇంతకంటె సమీపమైన అభ్యాసస్థలం లేదు. చేయవలసినది చేయాలి, చేయించేవాడననే అహంకారాన్ని గడప వెలుపలనే విడవాలి. ఆ ఇంటికి యజమాని ఇప్పటికీ తండ్రియే, గృహిణి ఇప్పటికీ తల్లియే. నిత్యసేవ చేసే తోబుట్టువుకు కృతజ్ఞత తెలిపి, ఆ దినాలలో ఆ భారాన్ని తాను మోయడం వచ్చినవాని ప్రథమ ధర్మం.

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని చేసింది. నిర్లక్ష్యం చేసిన సంతానం నుండి మాసానికి 10,000 రూపాయలకు మించకుండా భరణం ఇప్పించే అధికారాన్ని ఆ చట్టం ట్రిబ్యునళ్లకు కల్పించింది. అన్నవస్త్రాలకు లోటున్న వృద్ధులకు అది అవసరమైన రక్షణ. పక్కన కూర్చోమని, చెప్పిన కథనే మరల విన్నా తొలిసారి విన్నట్లు వినమని ఏ ట్రిబ్యునలూ ఆజ్ఞాపించలేదు. ఆ లోటును పూరించవలసినది ధర్మమే.

ఉద్యోగబంధాల వల్ల, వీసా నిబంధనల వల్ల రాలేనివారు ఉన్నారు. వారిని నిందించడం ధర్మం కాదు. దూరవాణిలో నిత్యం వినిపించే కంఠం కూడా సాన్నిధ్యమే. రాగలిగినవారు మాత్రం పదిహేను దినాలలో కనీసం ఏడింటిని ఏ కార్యక్రమానికీ కేటాయించకుండా ఉంచుకోవాలి. ఉదయం తండ్రి పూజకు పూలు కోసి ఇవ్వవచ్చు. మధ్యాహ్నం తల్లి పక్కన కూర్చొని చిక్కుడుకాయలు ఒలవవచ్చు. ఆమె మాట్లాడితే వినవచ్చు, మౌనంగా ఉంటే తోడుగా మౌనం వహించవచ్చు. ఏ ఆలయానికి వెళ్లాలో వారినే అడగవచ్చు. వెళ్లనక్కరలేదని వారంటే, ఆ దినాన ఆ ఇల్లే ఆలయం. స్వస్తి.