డైపర్ ఒరిపిడి: మందుకన్నా ముందు పొడిదనం

తాడేపల్లి నుండి ఒక సోదరి ఇలా వ్రాశారు: "మా పాపకు ఐదు నెలలు. తొడల మధ్య ఎర్రబడి, నీళ్ళు తగిలితే చాలు గుక్కపట్టి ఏడుస్తోంది. ఇంట్లో తామరకు తెచ్చిన క్రీము పూస్తే రెండు రోజులు తగ్గి మళ్ళీ వస్తోంది. నా అశుభ్రత వల్లే అంటున్నారు అత్తగారు."

సోదరీ! వ అలైకుమ్ అస్సలాం. ముందుగా ఆ క్రీము ఆపండి. బజారులో దొరికే తామర క్రీములు చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది ఎరుపును అణచుతుందేగాని కారణాన్ని తొలగించదు. పసిచర్మం పలుచన. పైన డైపర్ కప్పి ఉంచితే ఆ మందు మరింతగా ఒంట్లోకి ఇంకుతుంది.

ఇక నింద సంగతి. మూత్రపు తడికి చర్మం నానుతుంది. మలం తోడైతే అందులోని జీర్ణరసాలు ఆ నానిన చర్మాన్ని దెబ్బతీస్తాయి. ఆపైన ఒరిపిడి, మన కృష్ణాతీరపు ఉక్కపోత. ఎంత శ్రద్ధగల తల్లి బిడ్డకైనా ఇది రావచ్చు.

తడిసిన వెంటనే మార్చండి. రాత్రంతా ఒకే డైపర్ ఉంచకండి. గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తని నూలుబట్టతో అద్దండి, రుద్దవద్దు. రోజుకు మూడు నాలుగుసార్లు కాసేపు ఏమీ కట్టకుండా పాత నూలుబట్టపై పడుకోబెట్టండి. పూర్తిగా ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీముగాని, పెట్రోలియం జెల్లీగాని మందంగా పూయండి. పౌడరు చల్లవద్దు, ఊపిరితో లోపలికి పోతే హాని. గుడ్డ లంగోటీలైతే సబ్బు మిగలకుండా జాడించి ఎండలో ఆరవేయండి.

మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే తల్లులకు మరొక మాట: మిరప ఘాటు వట్టి నీటికి వదలదు. చేతులకు నూనె రాసి, తరువాత సబ్బుతో కడుక్కొని బిడ్డను తాకండి.

గజ్జల ముడతలలో కూడా ముదురు ఎరుపు ఉండి, చుట్టూ చిన్న పొక్కులు కనిపిస్తే అది క్యాండిడా అనే శిలీంధ్రం కావచ్చు. దానికి వేరే మందు అవసరం. జ్వరం, చీము, బొబ్బలు, రక్తం కనిపించినా, మూడు రోజులకు తగ్గకున్నా పిల్లల వైద్యునికి చూపించండి. మంగళగిరి ఎయిమ్స్ మీకు దగ్గరే. పాపకు ఇప్పటికే ఆ క్రీము పూశారు గనుక ట్యూబును వెంట తీసుకెళ్ళి చూపడం మరువకండి.

దైవప్రవక్త (సల్లం) ఒడిలో ఒక పసివాడు మూత్రం పోసినప్పుడు ఆయన నీళ్ళు తెప్పించి ఆ చోట చల్లారని సహీహ్ బుఖారీలో ఉంది. తల్లిని మందలించినట్లు ఆ ఉల్లేఖనంలో లేదు. ఈ మాట అత్తగారికి వినయంగా చదివి వినిపించండి. బిడ్డ ఇద్దరికీ అల్లాహ్ అప్పగించిన అమానతు. రాత్రి ఒక్కసారి డైపర్ మార్చే పని ఆమె పంచుకుంటే పాపకు ఉపశమనం, మీకు నిద్ర, ఇన్‌షా అల్లాహ్ ఆమెకు పుణ్యం.