కొండ చిక్కుడుగింజల బలము

కొండనేల పండిన చిక్కుడుగింజలలో మాంసకృత్తులు మెండనియు, వెల హెచ్చైనను అవియే కొనవలెననియు అంగళ్లలో చెప్పుచున్నారు. ఈ మాట నమ్మి మా వీథిలో నొక తల్లి కందిపప్పు తగ్గించి పిల్లలకు రాజ్మా కొనుచున్నది. బడిజీతముతో ఇల్లు గడుపుకొను మాబోంట్లు దీనిని కొంచెము విచారింపవలసియున్నది.

రాజ్మాకు పుట్టినిల్లు అమెరికా ఖండము. చల్లదనము దీనికి హితము గనుక హిమాలయములందు మున్సియారి, భదర్వా సీమలలోను, మన మన్యమున చింతపల్లి, పాడేరు ప్రాంతములలోను పండుచున్నది. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికల ననుసరించి, 100 గ్రాముల ఎండు ఎఱ్ఱ రాజ్మాలో మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు. కందిపప్పులో ఇంచుమించు 22, మినపపప్పులో 23! నీరు పీల్చి ఉడికిన రాజ్మాను తూచినచో 100 గ్రాములకు 8, 9 గ్రాములే యుండును.

ఎత్తైన చోట పండినంతమాత్రమున గింజకు మాంసకృత్తులు హెచ్చవు. విత్తనపు జాతి, నేలసారము, వేళ్ల బుడిపెలలో నుండి గాలిలోని నత్రజనిని మొక్కకందించు సూక్ష్మజీవులు, ఇవన్నియు కలిసి దానిని నిర్ణయించును. కొండగింజ రుచి వేఱు. రుచికై కొనుట తప్పుగాదు. మన్యపు రైతునకు న్యాయమైన వెల ముట్టుట మాకు మిక్కిలి సమ్మతము. బలము పేరు చెప్పి నడుమ వర్తకుడు పెంచు వెలయే మాకు గిట్టదు.

బియ్యమున కొఱతపడు లైసిను అను పదార్థము రాజ్మాలో సమృద్ధిగా నున్నది. గింజలలో తక్కువైన మెథియోనినును అన్నము కొంత పూరించును. కావున అన్నముతోడనే పెట్టుడు. కందిపప్పునకును ఈ గుణము కలదు.

వెలకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి. ఎఱ్ఱ రాజ్మా పచ్చిగా గాని సగముడికి గాని తినిన వాంతులు, విరేచనములు కలుగును. నాలుగైదు పచ్చిగింజలే చాలును. రాత్రియంతయు నానబెట్టి, ఆ నీరు పాఱబోసి, క్రొత్తనీటిలో తెర్లునట్లు అరగంటకు తక్కువగాకుండ కాచవలెను. సన్నసెగ పనికిరాదు; ఆ విషము దానికి లొంగదు. కొండయూళ్లలో నీరు తక్కువ వేడికే మరుగును గనుక అచ్చటివారు మఱింతసేపు ఉంచవలెను. ప్రెషరు కుక్కరు మేలు. దింపుటకు ముందు గింజను వ్రేళ్లనడుమ నొక్కి చూడుడు. లోపల పలుకు తగిలినచో మరల పొయ్యి యెక్కింపుడు.