మనిషి అనేది ఉత్త పేరేనా?



మన పొలాల్లో వేప ఉంది, మామిడి ఉంది. వేపా మామిడీ ఏదీ కాని ఉత్త "చెట్టు"ను ఎవరైనా చూశారా? లేదు. మరి "చెట్టు" అనేది నిజంగా ఉన్నదా, మనం పెట్టుకున్న పేరేనా? పనిలేనివాళ్ల ప్రశ్న అనుకోకండి. ఒకప్పుడు సంఘాన్ని కుదిపిన ప్రశ్న ఇది.

11వ శతాబ్దం చివర ఫ్రాన్సులో రోసెలిన్ అనే బోధకుడు ఉండేవాడు. ఉన్నవి విడివిడి వస్తువులే, వాటన్నిటికీ కలిపి వాడే మాట నోటి గాలి మాత్రమే అని ఆయన బోధించాడని ప్రత్యర్థులు రాశారు. దీన్నే నామమాత్రవాదం అంటారు. ఆ లెక్క త్రిత్వం దాకా పోయింది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ వేర్వేరు మూడు కాకపోతే, తండ్రి కూడా శరీరధారి అయ్యాడని ఒప్పుకోవాలన్నాడు. 1092 ప్రాంతంలో స్వాసాన్ సభ ఆ బోధను ఖండించింది. అన్సెల్ము ఆయనకు జవాబు రాశాడు: అనేకమంది మనుష్యులు మనుష్యత్వంలో ఒక్కటని గ్రహించలేనివాడు, ముగ్గురు ఒక్కడే దేవుడని ఎలా గ్రహిస్తాడు?

14వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన విలియం ఆఫ్ ఓకమ్ త్రిత్వాన్ని కాదనలేదు. "మనిషి" అనేది మనసులోని గుర్తు, బయట ఉన్నది విడి మనుషులే, అయితే వారి మధ్య పోలిక నిజమే అన్నాడు.

పోలిక చాలదా అంటారా? చాలదు. పోలికకు హెచ్చుతగ్గులు ఉంటాయి. మాట రాని బిడ్డకూ, మతి తప్పిన అవ్వకూ నాతో ఎంత పోలిక? వాళ్లు మనుషులైంది నన్ను పోలినందుకు కాదు. ప్రభువు శరీరధారియై ధరించింది మనందరి స్వభావం. అది ఉత్త పేరైతే, సిలువమీద ఆయన మోసింది నాది ఎలా అవుతుంది?

ఓకమ్‌ను నిందించి ఊరుకుందామా? మనమూ నామమాత్రవాదులమే, అదీ తప్పు చోట. మనుషులు పెట్టిన కులం పేరును నిజమైన వస్తువులా పట్టుకుంటాం. దేవుడు చేసిన మనుష్యత్వాన్ని నోటి గాలిలా వదిలేస్తాం. ప్రభు బల్ల దగ్గర ఒకే రొట్టె తిని, బిడ్డకు సంబంధం చూసేటప్పుడు మొదట కులమే అడుగుతాం.

అవసరం లేనిదాన్ని కోసేయమనే నియమాన్ని ఓకమ్ కత్తి అంటారు. తీసుకోండి ఆ కత్తి. కులం మీద పెట్టండి, మనిషి మీద కాదు.

ప్రభువు మనకు వివేచన దయచేయును గాక. ఆమేన్.