నైట్ షిఫ్టు కార్మికుని నిద్ర, మన మైకులు

గోదావరిఖనిలో నైట్ షిఫ్టు ముగించుకొని బాయి నుండి ఇల్లు చేరే సింగరేణి కార్మికునికి పగలే రాత్రి. అతడు కన్ను మూసే వేళకు వీధిలో డీజే మోగితే, ఆ రాత్రి మళ్లీ గనిలోకి దిగేది నిద్ర చాలని మనిషి. దాని ప్రమాదం ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ కార్మికులలో మనవారూ ఉన్నారు.

శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదు. మైకుకు లిఖితపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు మైకులపై నిషేధాన్ని 2005 జూలై 18న సుప్రీంకోర్టు గట్టిపరచింది. ఆ కేసుకు మూలం 1998 నాటి ఒక పత్రికా వార్త: అత్యాచారానికి గురైన పదమూడేళ్ల బాలిక కేకలు పొరుగున మోగుతున్న మైకు హోరులో ఎవరికీ వినిపించలేదు. ఇటువంటి చట్టాన్ని మనపై కుట్ర అని ఏ నోటితో అనగలం?

2024లో హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనాన్ని గౌరవించి మన పెద్దలు మీలాద్ ఊరేగింపును సెప్టెంబర్ 19కి వాయిదా వేశారు. ఎంత హుందా అయిన నిర్ణయం! దానిని డీజేల మోత మింగివేసింది. రెండు ఊరేగింపుల మీదా ఫిర్యాదులు వెల్లువెత్తగా, అక్టోబర్ 1న నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. సూరా లుఖ్మాన్‌లో తండ్రి కుమారునికి గొంతు తగ్గించమని బోధించడాన్ని పిల్లలకు వినిపించే మనమే ఆ అపకీర్తిలో భాగం పంచుకున్నాము.

నష్టం ఎవరికి? మన ప్రాంతంలో ఏడాది పొడవునా ఫజ్ర్ అజాన్ ఆరు గంటలకు ముందే వస్తుంది. అజాన్ ఇస్లాంలో అంతర్భాగమే గాని మైకు కాదని 2020 మేలో అలహాబాద్ హైకోర్టు తేల్చింది. డీజే కుర్రాడు ఒక్క పూట గంతులు వేసి పోతాడు. ఫిర్యాదుకు జవాబు చెప్పుకోవలసినవాడు ముఅజ్జిన్.

పోలీసులనూ ఒక మాట అడుగుతున్నాము. మస్జిద్ వద్దకు వచ్చే డెసిబెల్ మీటరు రాజకీయ సభలకు, అన్ని మతాల ఊరేగింపులకు కూడా వెళ్లాలి. అయితే ఆ మాట గట్టిగా అడగాలంటే ముందు మన వీధి నిశ్శబ్దంగా ఉండాలి. బయాన్‌లకు లోపలి స్పీకర్లు చాలు. అజాన్ మైకును ఇరుగుపొరుగు వినగలిగినంతకే తగ్గించాలి. వచ్చే రబీఉల్ అవ్వల్‌కు అనుమతి దరఖాస్తు రాసేటప్పుడే, డీజే ఉండదని మస్జిద్ కమిటీలు సంతకం చేసి ఇవ్వాలి.