ఈ చూపు ఎవరిది?

దెయ్యం సినిమాకి పెద్ద హీరో అక్కర్లేదు. ఓ ఇల్లు, ఇద్దరు ముగ్గురు నటులు ఉంటే బండి నడిచిపోతుంది. 2014 జూలైలో వచ్చిన రామ్ గోపాల్ వర్మ ‘ఐస్‌క్రీమ్’ అలాంటిదే. నవదీప్, తేజస్వి మదివాడ, దాదాపు ఒకే ఇంట్లో కథ. ప్రచారంలో అసలు హీరో మాత్రం కెమెరాని కుదుపు లేకుండా తిప్పే ‘ఫ్లోకామ్’. దేశంలో ఈ పరికరం వాడిన తొలి సినిమా అని ఊదరగొట్టారు.

కెమెరా నిజంగానే కుదుపు లేకుండా తిరిగింది. హాలు, మెట్లు, గదులు అన్నీ చుట్టేసింది. భయం మాత్రం పుట్టలేదు. కథ లేదు కాబట్టి అన్నారు చాలామంది. నేనొప్పుకోను. ‘పారానార్మల్ యాక్టివిటీ’లో మాత్రం ఏం కథ ఉంది? ఓరెన్ పెలి తన సొంతింట్లోనే, సుమారు 15 వేల డాలర్లతో తీసిన సినిమా అది. పడకగదిలో ట్రైపాడ్ మీద కెమెరా. మంచం మీద జంట నిద్రపోతుంటుంది, పక్కన తలుపు తెరిచి ఉంటుంది. మూలన టైము పరిగెడుతుంటుంది. ఏమీ జరగదు. అయినా మన కళ్లు ఆ తలుపును వదలవు.

2011లో వచ్చిన మూడో భాగానికి డబ్బు పెరిగింది కానీ బుద్ధి మారలేదు. అందులో ఒకాయన టేబుల్ ఫ్యాన్ విప్పి, అటూ ఇటూ తిరిగే అడుగుభాగం మీద వీడియో కెమెరా బిగిస్తాడు. అది ఓసారి హాలు చూపిస్తుంది, ఓసారి వంటగది. తీరిగ్గా, తన లెక్కలో తను. ఆయాని వంటగదిలో వదిలేసి హాలు వైపు వెళ్లిపోతుంది. తిరిగొచ్చేసరికి ఆమె వెనక తెల్ల దుప్పటి కప్పుకుని ఎవరో నిలబడి ఉంటారు. ‘ఆగవే, అటు తిరగకే’ అని మనం ఎంత మొత్తుకున్నా ఫ్యాన్‌కి వినపడదు. ఇంకాసేపటికి ఆ దుప్పటి ఉత్తదై నేల మీద కూలుతుంది. చూసేది మనిషి కాదు, యంత్రం. దానికి జాలి లేదు. భయమంతా అక్కడుంది.

కెమెరా కట్టేసి ఉంటేనే భయమా అంటే, అదీ కాదు. శామ్ రైమీ ‘ఈవిల్ డెడ్’ (1981)లో చెక్కకు కెమెరా బిగించి, అడివిలో మనుషుల చేత మోయించి పరిగెత్తించాడు. ఆ పరుగు దెయ్యానిదని చూసినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంత దూరం వెళ్లడమెందుకు, ‘శివ’లో కెమెరా కుదుపులు ఆపే స్టెడీకామ్‌ని మనకు రుచి చూపించిన వర్మే ‘రాత్రి’ (1992)లో రేవతి వెంట కెమెరాని పంపించాడు. వెనకేదో వస్తోందని ఒళ్లు గగుర్పొడిచింది.

‘ఐస్‌క్రీమ్’లో పోయింది ఇదే. ఆ అమ్మాయి వెనకా ముందూ తిరిగే చూపు ఎవరిదో తేలదు. దెయ్యానిది కాదు, యంత్రానిది కాదు, ఇంట్లో వాళ్లదీ కాదు. కొత్త పరికరం కొన్నవాడి సరదా. ఇల్లంతా తిప్పి చూపించేశాక దెయ్యం దాక్కోవడానికి చోటేది?

ఇప్పుడు ఫోను, గింబల్ చేతిలో ఉన్న ప్రతి కుర్రాడూ షార్ట్‌ఫిల్మ్ దెయ్యాన్ని లేపుతున్నాడు. మంచిదే. షాట్ పెట్టేముందు స్క్రిప్టు పక్కన ‘ఇది ఎవరు చూస్తున్నారు?’ అని రాసుకోండి నాయనా. జవాబు తోచకపోతే ట్రైపాడ్ వేసి తలుపు తెరిచిపెట్టండి. ఖర్చూ తక్కువ, ప్రేక్షకుడికి భయమూ గ్యారంటీ.